మనకు ఎనిమిది వేళ్లే ఉంటే 9 భాజనీయతా సూత్రం ఏమయ్యేది?

పరకాల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదో తరగతిలో భాజనీయతా సూత్రాలు (అంకెల మొత్తం 9తో భాగించబడితే సంఖ్య కూడా 9తో భాగించబడుతుంది లాంటివి) చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, "మనుషులకు ఎనిమిది వేళ్లే ఉండి, లెక్క కూడా ఎనిమిదేసితోనే నడిచి ఉంటే ఈ 9 సూత్రం పనిచేసేదా?" అన్నాడట. ఆమె దానికి తన సందేహం కూడా జోడించారు. 6174, 1729 లాంటి సంఖ్యల గురించి చెప్పుకునే వింతల్లో ఏవి నిజంగా ఆ సంఖ్యలవి, ఏవి మనం పదింటితో రాయడం వల్ల పుట్టినవి?

మేడమ్, ఆ అబ్బాయికి సూటిగా చెప్పాల్సిన జవాబు: పనిచేయదు. ఎనిమిది వేళ్ల లోకంలో ఆ పని 7 చేస్తుంది. ఇప్పుడు 11 చేస్తున్న పని 9కి వస్తుంది. ఎందుకో చెప్పే ముందు, ఇలాంటి ప్రశ్న అడిగిన పిల్లవాడిని మాత్రం వదులుకోకండి. సూత్రం బట్టీపట్టిన వాళ్లకు ఈ అనుమానం రాదు. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచించిన వాడికే వస్తుంది.

9 సూత్రం వెనక ఉన్నది ఒక్కటే సంగతి. 10 అంటే 9 + 1, 100 అంటే 99 + 1, 1000 అంటే 999 + 1. అంటే పది ఘాతం ఏదైనా 9తో భాగిస్తే మిగిలేది 1. వందల స్థానంలో 4 ఉంటే దాని విలువ 400, అంటే 4 × 99 + 4. అందులో 9 గుణిజాన్ని పక్కన పెడితే మిగిలేది ఆ 4 మాత్రమే. ప్రతి అంకె ఇలాగే తన స్థాన విలువ వదిలేసి ఉత్త అంకెగా మిగులుతుంది. అందుకే అంకెల మొత్తం కూడితే చాలు. ఈ వాదనలో 9 ప్రత్యేకత ఏమిటంటే అది 10 కంటే ఒకటి తక్కువ, అంతే. ఆధారం, అంటే ఎన్నేసితో లెక్క నడుస్తుందో ఆ సంఖ్య, 8 అయితే స్థాన విలువలు 1, 8, 64, 512. వీటిలో దేన్ని 7తో భాగించినా శేషం 1. కాబట్టి అక్కడ అంకెల మొత్తం 7 గురించి చెబుతుంది.

బోర్డు మీద ఒకసారి చేసి చూపించండి. 2023 తీసుకోండి. 8 ఆధారంలో అది 3747 అవుతుంది: 3 × 512 + 7 × 64 + 4 × 8 + 7. అంకెలు కూడితే 3 + 7 + 4 + 7 = 21. 21 ఏడు గుణిజం, కాబట్టి 2023 కూడా ఏడు గుణిజమే. నిజంగానే 2023 = 7 × 289. ఇప్పుడు అవే అంకెలను కుడి నుంచి ఒకటి కలుపుతూ, ఒకటి తీసేస్తూ వెళ్లండి: 7 − 4 + 7 − 3 = 7. ఇది మనం 11కి వాడే పద్ధతి. 8 ఆధారంలో ఇది 9కి పనిచేస్తుంది, ఎందుకంటే 8 అంటే 9 − 1. కాబట్టి 2023ను 9తో భాగిస్తే శేషం 7 రావాలి. మన పది లెక్కలో సరిచూడండి: 2 + 0 + 2 + 3 = 7. రెండు వేర్వేరు రాతలు, రెండు వేర్వేరు పద్ధతులు, జవాబు మాత్రం ఒకటే. పిల్లలకు ఈ క్షణం చాలా ముఖ్యం. శేషం 7 అనేది సంఖ్యది. దాన్ని కనిపెట్టే దారి రాతది.

చివరి అంకె సూత్రాలూ ఇంతే. పది లెక్కలో 2, 5 చివరి అంకెతో తేలిపోవడానికి కారణం అవి 10కి కారణాంకాలు కావడమే. 12 ఆధారంలో 2, 3, 4, 6 నాలుగూ చివరి అంకెతోనే తేలిపోతాయి. బేసి ఆధారాలకు వస్తే పిల్లలు తప్పకుండా తడబడతారు. 7 ఆధారంలో 12ను 15 అని రాస్తాం. చివర 5 ఉంది కదా, బేసి సంఖ్య అంటారు. కానీ 7 ఘాతాలన్నీ బేసి సంఖ్యలే కాబట్టి అక్కడ సరి బేసి చెప్పేది చివరి అంకె కాదు, అంకెల మొత్తం: 1 + 5 = 6, సరి. 12 సరి సంఖ్య కాకుండా పోలేదు, ఆ గుర్తు వేరే చోటికి జరిగింది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. 1729తో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే రెండు రకాల గుణాలూ అందులోనే ఉన్నాయి. రామానుజన్ ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి చెప్పినది: రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల అతి చిన్న సంఖ్య ఇది. 1729 = 12³ + 1³ = 10³ + 9³. ఈ మాటలో అంకెల ప్రస్తావనే లేదు. గులకరాళ్లు పేర్చి లెక్కపెట్టినా నిజమే, ఏ ఆధారంలో రాసినా నిజమే. 12 ఆధారంలో రాస్తే 1729 సరిగ్గా 1001 అవుతుంది. ఆ రెండు ఘనాల్లో ఒక జత కంటికి కనబడుతుంది కూడా.

రెండో గుణం హర్షద్. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలకు ఆ పేరు పెట్టింది మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ (1905–1986). 1 + 7 + 2 + 9 = 19, 19 × 91 = 1729. పైగా 91 అంటే 19ని తిరగేసినది. పిల్లలు ముచ్చటపడతారు. ఇప్పుడు ఆధారం మార్చండి. 8 ఆధారంలో 1729 అంటే 3301, మొత్తం 7, 1729 = 7 × 247, కాబట్టి అక్కడా హర్షదే. 9 ఆధారంలో 2331, మొత్తం 9, భాగించబడదు. 12 ఆధారంలో 1001, మొత్తం 2, బేసి సంఖ్యను 2 భాగించదు. గుణం ఒక చోట ఉంటుంది, ఒక చోట పోతుంది. రామానుజన్ చెప్పిన గుణానికి ఈ గండం లేదు.

అన్ని ఆధారాల్లోనూ హర్షద్ అయ్యే సంఖ్యలు నాలుగే: 1, 2, 4, 6. 12 చాలా దగ్గరకు వస్తుంది. అది ఒక్క ఆధారంలో తప్ప మిగతా అన్నిటిలోనూ హర్షదే. ఆ ఒక్క ఆధారం 8! అక్కడ 12ను 14 అని రాస్తాం, అంకెల మొత్తం 5. మీ అబ్బాయి ఎనిమిది వేళ్లు ఎంచుకున్నాడు కాబట్టి ఈ సంగతి అతనికి తప్పకుండా చెప్పండి. 2 నుంచి 12 వరకు ఒక్కో ఆధారంలో 12 రాసి చూడమంటే ఒక పీరియడ్‌లో అయిపోతుంది. ఆధారం 12 దాటితే 12 ఒంటి అంకె అవుతుంది కాబట్టి ఇక చూడనక్కర్లేదు.

6174 కూడా కాప్రేకర్‌దే. 1949లో ఆయన దీన్ని వెలుగులోకి తెచ్చారు. అన్నీ ఒకటే కాని నాలుగు అంకెలు తీసుకుని, వాటితో ఏర్పడే పెద్ద సంఖ్య నుంచి చిన్న సంఖ్యను తీసేసి, వచ్చిన జవాబు అంకెలతో మళ్లీ అదే చేస్తూ పోతే చివరికి 6174 దగ్గర ఆగుతాం. మూడు అంకెలతో చేస్తే 495 దగ్గర. తరగతిలో నేను ఎప్పుడూ మూడంకెల లెక్కే చేయించేవాడిని, ఎందుకంటే దానికి పూర్తి కారణం ఎనిమిదో తరగతి పిల్లలే చెప్పగలరు.

చూడండి. మూడంకెల్లో పెద్దది, చిన్నది చోట్లు మార్చుకుంటాయి, మధ్యది కదలదు. కాబట్టి తీసివేతలో మధ్య అంకె పోతుంది. పెద్ద అంకెకు, చిన్న అంకెకు ఉన్న తేడాను 'త' అనుకుంటే జవాబు 99 × త. 99 గుణిజాలు వరసగా రాయండి: 099, 198, 297, 396, 495, 594, 693, 792, 891. మధ్యలో ఎప్పుడూ 9, మొదటి అంకె త − 1, చివరి అంకె 10 − త. సంఖ్య మారకుండా నిలవాలంటే కొత్త అంకెల్లో పెద్దదానికి, చిన్నదానికి తేడా మళ్లీ త కావాలి. పెద్దది 9. చిన్నది త − 1 అయితే తేడా 10 − త, అది త కావాలంటే త = 5. చిన్నది 10 − త అయితే తేడా త − 1, అది త కాలేదు. దారి ఒక్కటే మిగిలింది: 99 × 5 = 495.

ఈ వాదనలో 10 బదులు 8 పెట్టండి. మధ్య అంకె 7, మిగతావి త − 1, 8 − త. నిలవాలంటే త = 4. సంఖ్య 374. ఎనిమిది వేళ్ల లోకంలో 495కి సోదరి అదే. 610తో మొదలుపెట్టండి, లెక్కంతా 8 ఆధారంలోనే: 610 − 016 = 572, తర్వాత 752 − 257 = 473, తర్వాత 743 − 347 = 374. అక్కడి నుంచి కదలదు. ఆధారం బేసి సంఖ్య అయితే దానికి సగం పూర్ణాంకం కాదు కాబట్టి అలాంటి స్థిర సంఖ్య ఉండదు. అంటే 495 గొప్పతనం ఆ సంఖ్యలో లేదు. పదికి సగం ఉండటంలో ఉంది. 6174 పరిస్థితి ఇంకా సున్నితం: 8 ఆధారంలో నాలుగంకెలతో చేస్తే సున్నా తప్ప ఆగే చోటే లేదు. 5 ఆధారంలో మాత్రం 3032 ఉంది, చేసి చూడవచ్చు.

ఇలా ఆధారం మార్చి చూడటం నాకు తెలిసిన మంచి జల్లెడ. పత్రికల్లో, ఫోన్లలో తిరిగే సంఖ్యా వింతల్లో చాలా వాటిని ఇందులో వేస్తే పొల్లు పొల్లుగా, గింజ గింజగా విడిపోతాయి. అయితే పొల్లు అనుకున్న దాంట్లోనూ గింజలు దొరుకుతాయి. 121ని చూడండి. అది 11 వర్గం అనేది పదికే పరిమితమా? ఆధారాన్ని 'క' అనుకుంటే 121 అంటే క² + 2క + 1, అంటే (క + 1)². కాబట్టి 3, ఆపై ప్రతి ఆధారంలోనూ 121 పరిపూర్ణ వర్గమే. 10101 ఏ ఆధారంలోనూ ప్రధాన సంఖ్య కాదు, ఎందుకంటే క⁴ + క² + 1 = (క² + క + 1)(క² − క + 1). పది లెక్కలో అది 111 × 91. పదో తరగతి బహుపదుల పాఠం నిజానికి ఇదే: చరరాశి స్థానంలో ఆధారాన్ని పెడితే బహుపది సంఖ్య అవుతుంది.

9వ శతాబ్ది జైన గణితవేత్త మహావీరాచార్యులకు ఇలాంటి సంఖ్యలంటే ఇష్టం. ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా ఉండే లబ్ధాలను ఆయన హారాలతో పోల్చారు. ఆయన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందులోని ఒక హారం: 27994681 × 441 = 12345654321. గుట్టు ఏమిటంటే 441 = 21², 27994681 = 5291², 21 × 5291 = 111111. అంటే హారం మొత్తం 111111 వర్గం. నిలువుగా గుణించి చూడండి, నిలువు వరసల్లో ఒకట్లు 1, 2, 3, 4, 5, 6, 5, 4, 3, 2, 1 చొప్పున పేరుకుంటాయి. ఏ వరసలోనూ 6 దాటదు కాబట్టి 7, ఆపై ఏ ఆధారంలో అయినా 111111 వర్గం ఇదే హారం. 6 ఆధారంలో మధ్యలో ఆరు ఒకట్లు పడి పక్కకు వెళ్లిపోతాయి, హారం తెగుతుంది.

ఒకట్లతోనే ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. 9 ఆధారంలో 1, 11, 111, 1111 అంటే మన లెక్కలో 1, 10, 91, 820. నాలుగూ త్రిభుజ సంఖ్యలే (1, 1 + 2, 1 + 2 + 3 లాంటి మొత్తాలు)! ఎన్ని ఒకట్లు పెట్టినా త్రిభుజ సంఖ్యే వస్తుంది. 91 పదమూడో త్రిభుజ సంఖ్య, 13ని 3 ఆధారంలో రాస్తే 111. 820 నలభయ్యోది, 40ని 3 ఆధారంలో రాస్తే 1111. 9 అంటే 3 వర్గం కావడమే దీనికి మూలం.

ఇప్పుడు 2 ఆధారం. దీన్ని కంప్యూటర్‌తో మొదలుపెట్టి చెప్పనక్కర్లేదు. మీ పిల్లలు పక్క పీరియడ్‌లో తెలుగు మాస్టారి దగ్గర దీన్ని ఇప్పటికే నేర్చుకుంటున్నారు, ఆ సంగతి ఎవరూ చెప్పలేదంతే. గురువు U, లఘువు I. మూడక్షరాల గణాలు ఎనిమిది, ఎందుకంటే 2 × 2 × 2 = 8. ఛందశ్శాస్త్రంలో వాటి వరస మ, య, ర, స, త, జ, భ, న. ఆ వరస ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. గురువుకు 0, లఘువుకు 1 పెట్టి, ఎడమ అక్షరాన్ని ఒకట్ల స్థానంగా తీసుకుని చదవండి: మ గణం UUU అంటే 0, య గణం IUU అంటే 1, ర గణం UIU అంటే 2, ఇలా న గణం III అంటే 7. సున్నా నుంచి ఏడు వరకు వరస తప్పకుండా వస్తాయి.

ప్రాచీన ఛందశ్శాస్త్రకర్త పింగళుడి సంప్రదాయంలో "నష్టం" అనే ప్రక్రియ ఉంది: ఎన్నో వరసో చెబితే ఆ గణాన్ని రాబట్టడం. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చెయ్యి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చెయ్యి. 5తో చూద్దాం. 5 బేసి, గురువు, (5 + 1)లో సగం 3. 3 బేసి, గురువు, (3 + 1)లో సగం 2. 2 సరి, లఘువు. వచ్చింది UUI, త గణం. వరసలో ఐదోది అదే. ఇది మన పాఠాల్లో 2తో భాగిస్తూ శేషాలు రాసుకునే పద్ధతే. లెక్క 0 నుంచి కాక 1 నుంచి మొదలవుతుంది, అంతే తేడా.

దీనికి తిరుగు ప్రక్రియ "ఉద్దిష్టం": వృత్తం చెబితే దాని సంఖ్య రాబట్టడం. మన బమ్మెర పోతన ఎన్నో పద్యాలు చెప్పిన ఉత్పలమాలనే తీసుకోండి. భ, ర, న, భ, భ, ర, వ. ఇరవై అక్షరాలు, కాబట్టి ఇరవై అక్షరాల పాదాలు మొత్తం 2 యొక్క 20వ ఘాతం, అంటే 1048576 రకాలు. UII UIU III UII UII UIU IU అని రాసుకుని, ప్రతి అక్షరం మీద 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపులు వేసుకుంటూ వెళ్లండి. లఘువుల మీద పడ్డవి మాత్రం కూడండి: 2 + 4 + 16 + 64 + 128 + 256 + 1024 + 2048 + 8192 + 16384 + 65536 + 262144 = 355798. ఒకటి కలిపితే 355799. ఛందోగ్రంథాలు ఉత్పలమాలను 355799వ వృత్తం అని చెప్పేది ఈ లెక్కతోనే. చంపకమాల ఎన్నోదో పిల్లలనే కనుక్కోమనండి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది. మిగతా అక్షరాలన్నీ ఒక్కో స్థానం కుడికి జరుగుతాయి, అంటే వాటి విలువలు రెట్టింపవుతాయి: 355798 × 2 = 711596. కొత్త రెండు లఘువులకు 1 + 2, ఆపై ఎప్పటిలాగే ఒకటి. 711600. గ్రంథాల్లో ఉన్న సంఖ్యా అదే.

కొలతల్లోనూ ఇదే ఆధారం ఉండేది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఇప్పుడు అంతా క్వింటాళ్ల లెక్కే గానీ, పాత ఇళ్లలో సోల, తవ్వ, మానిక, అడ్డ ఇంకా కనిపిస్తాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఒక్కో పాత్రను మహా అయితే ఒక్కసారే వాడుతూ సోల నుంచి పదిహేను సోలల వరకు ఏ కొలతైనా పోయవచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా.

ఇంతవరకు ఆధారాన్ని మార్చి సంఖ్య గుణాన్ని పరీక్షించాం. సరైన ఆధారం ఎంచుకుంటే అంకెలే లోపలి రహస్యం చెప్పే సందర్భాలూ ఉన్నాయి. పోటీ పరీక్షల్లో తరచూ కనిపించే ప్రశ్న: 100 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 100 వరకు సంఖ్యలన్నిటి లబ్ధం) చివర ఎన్ని సున్నాలు? సున్నాలు పది లెక్కవే అయినా వాటిని నిర్ణయించేది 5లు ఎన్ని ఉన్నాయన్నది, 2లు ఎలాగూ ఎక్కువే ఉంటాయి. 100ను 5 ఆధారంలో రాయండి: 400. అంకెల మొత్తం 4. 100 నుంచి 4 తీసేసి, 5 కంటే ఒకటి తక్కువైన 4తో భాగిస్తే 96 ÷ 4 = 24. జవాబు 24 సున్నాలు. ఇది ఫ్రెంచి గణితవేత్త లజాంద్ర్ సూత్రం, ఏ ప్రధాన సంఖ్యకైనా ఇలాగే పనిచేస్తుంది. పది ఆధారంలో అంకెల మొత్తం 9 గుణిజాల గురించి మాత్రమే చెప్పింది. ప్రధాన సంఖ్య ఆధారంలో అదే మొత్తం ఫ్యాక్టోరియల్ లోపల ఆ ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు ఉందో చెబుతోంది.

జర్మన్ గణితవేత్త కుమ్మర్ 1852లో చూపించినది ఇంకా లోతైనది. మూడో తరగతిలో నేర్చుకునే "చేతిలో ఒకటి" ఇక్కడ అసలు పాత్ర. 6 వస్తువుల నుంచి 3 ఎంచుకునే విధాలు 20. ఎంచుకున్న 3, మిగిలిన 3, ఈ 3 + 3ను 2 ఆధారంలో కూడండి: 11 + 11 = 110, చేతిలో ఒకటి రెండుసార్లు వస్తుంది. 20ని 2తో రెండుసార్లే భాగించగలం. 6 నుంచి 2 ఎంచుకునే విధాలు 15. 2 + 4 అంటే 10 + 100 = 110, చేతిలో ఏమీ రాదు, 15 బేసి. ఏ ప్రధాన సంఖ్య ఆధారంలో కూడినా ఇంతే: చేతిలోకి ఎన్నిసార్లు వస్తే, ఆ ప్రధాన సంఖ్య అన్నిసార్లు భాగిస్తుంది.

మీ అబ్బాయికి మేరు ప్రస్తారం, అంటే పాస్కల్ త్రిభుజం, పదహారు వరసలు రాయమని ఇవ్వండి. పైన ఒంటరి 1 ఉన్న వరసకు 0 అని పేరు, ఆపై 1, 2, 3. ప్రతి వరసలో బేసి సంఖ్యలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పక్కన ఆ వరస సంఖ్యను 2 ఆధారంలో రాయాలి. ఆరో వరస, అంటే 6 నుంచి 0, 1, 2 అంటూ 6 వరకు ఎంచుకునే విధాలు: 1, 6, 15, 20, 15, 6, 1. బేసివి నాలుగు. 6 అంటే 110, అందులో ఒకట్లు రెండు. ఏడో వరసలో ఎనిమిదీ బేసివే, 7 అంటే 111. ఒకట్లకూ బేసి సంఖ్యలకూ ఉన్న సంబంధాన్ని అతను తనంతట తానే పట్టుకుంటాడు. ఎందుకు అని అడిగినప్పుడు పైన చెప్పిన కూడిక చూపించండి.